మూత మూసిన లినక్స్ లాప్‌టాప్ బ్యాగులో ఎందుకు వేడెక్కుతోంది?

ఉబుంటు ఉన్న లాప్‌టాప్‌ను మూత మూసి బ్యాగులో పెట్టుకుంటే, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మారతహళ్లి చేరేసరికి కాలిపోతూ, ఛార్జింగ్ సగానికి పడిపోతోందని, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు. అవసరం లేదండి. నేనూ బెంగళూరులోనే ఉంటాను. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కూర్చున్న సమయంలో నా లాప్‌టాప్‌కూ ఇదే జరిగేది. కారణం తేలేదాకా మాత్రం పవర్ ఆఫ్ చేశాకే బ్యాగులో పెట్టండి, గాలి ఆడని చోట అంత వేడి బ్యాటరీకి మంచిది కాదు.

లాప్‌టాప్ అసలు నిద్రపోవడం లేదా, నిద్రపోయి మధ్యలో లేస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంట్లోనే, బ్యాగు బయట కాసేపు మూత మూసి ఉంచి, తెరిచాక టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కు డాష్ కె జోడించి కెర్నెల్ లాగ్, అంటే సిస్టమ్ మూలభాగం రాసుకునే చిట్టా, తెరవండి. నిద్రలోకి వెళ్లిన ప్రతిసారీ ‘సస్పెండ్ ఎంట్రీ’ అని, లేచిన ప్రతిసారీ ‘సస్పెండ్ ఎగ్జిట్’ అని అందులో పడుతుంది. నా లాగ్‌లో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వరుసగా కనిపించాయి, అంటే దారి పొడవునా అది లేస్తూ పడుకుంటూ ఉందన్నమాట. యూఎస్‌బీ పోర్టుకు ఉన్న వైర్‌లెస్ మౌస్ రిసీవర్ వల్ల, బ్యాగులో మౌస్ కదిలినప్పుడల్లా లాప్‌టాప్ మేలుకునేది. రిసీవర్ తీసేస్తే సరిపోతుంది. తీయడం కుదరకపోతే ప్రాక్ ఫోల్డర్ కింద ఏసీపీఐ ఫోల్డర్‌లోని వేకప్ ఫైలు చూడండి. అందులో ‘ఎనేబుల్డ్’ అని ఉన్న ఎక్స్‌హెచ్‌సీ సాధారణంగా యూఎస్‌బీ కంట్రోలర్. ఆ పేరునే ఫైలులోకి రాస్తే అది ‘డిసేబుల్డ్’గా మారుతుంది. రాయడానికి వాడే ఎకో కమాండ్ ముందు, అడ్మిన్ హక్కులిచ్చే సుడో పెట్టినంత మాత్రాన అనుమతి దొరకదు, సుడో టీ ద్వారా రాయాలి. రీబూట్ చేస్తే ఈ మార్పు పోతుంది కాబట్టి, పని చేస్తోందని రూఢి అయ్యాక దాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ తనంతట తానే నడిచే ఒక సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టుకోండి.

లాగ్‌లో ఎంట్రీ, ఎగ్జిట్ ఒక్కొక్కటే ఉండి కూడా ఛార్జింగ్ కరిగిపోతుంటే సమస్య నిద్ర రకంలో ఉంటుంది. సిస్ ఫోల్డర్ కింద పవర్ ఫోల్డర్‌లోని మెమ్_స్లీప్ ఫైలులో ఎస్‌2ఐడిల్, డీప్ అనే పేర్లు ఉంటాయి, చదరపు బ్రాకెట్లలో ఉన్నది ప్రస్తుతం వాడుతున్నది. ఎస్‌2ఐడిల్‌లో ప్రాసెసర్ ఖాళీగా ఉంటుందే తప్ప కరెంటు పూర్తిగా ఆగదు, ఏ ఒక్క పరికరం విశ్రాంతిలోకి వెళ్లకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. డీప్‌లో దాదాపు ర్యామ్‌కు మాత్రమే కరెంటు అందుతుంది. ఆ పేరు మీ ఫైలులో ఉంటే, తెరిచిన పనులన్నీ సేవ్ చేసుకుని, దాన్ని అదే ఫైలులోకి రాసి ఒకసారి పరీక్షించండి, ఎందుకంటే కొన్ని యంత్రాలు డీప్ నుంచి సరిగా లేవవు. సవ్యంగా లేస్తే, సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్ సెట్టింగ్‌లలోని కెర్నెల్ వరుసలో మెమ్_స్లీప్_డీఫాల్ట్ విలువను డీప్‌గా పెట్టి, అప్‌డేట్-గ్రబ్ నడపండి. డీప్ అనే పేరే లేకపోతే, లాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ సెట్టింగ్‌లలో స్లీప్ స్టేట్ ఎంపిక ఉందేమో చూడండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో అక్కడ ‘లినక్స్’ ఎంచుకుంటే డీప్ కనిపిస్తుంది. అదీ లేని కొత్త మోడల్ అయితే ముందు బయోస్‌నూ కెర్నెల్‌నూ అప్‌డేట్ చేసి, మళ్లీ ఆ లాగ్ చూడండి.