రైల్లో పీఎస్‌పీ, ఇంట్లో పీఎస్2: కావలి కుర్రాడికి ఉత్తరం

నెల్లూరు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. టీవీకి తగిలించి ఆడే పీఎస్2 (ప్లేస్టేషన్ 2)లో టెక్కెన్ 5 అనే కొట్లాట ఆటని, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీలో టెక్కెన్ డార్క్ రిజరెక్షన్‌ని పక్కపక్కన పెట్టి రాశావు. చాలా భాగం నాకు నచ్చలేదు. బిట్రగుంట దాటాక రైలు ఊగి, బొటనవేలు జారి, ఆటలో నీ పాత్ర కజుయా కొట్టాల్సిన దెబ్బ తప్పిపోయిందని రాసిన నాలుగు వాక్యాలు మాత్రం బాగా నచ్చాయి. ఈ ఉత్తరమంతా ఆ నాలుగు వాక్యాల తరఫున రాస్తున్నాననుకో.

మొదటి రెండు పేజీల్లో నువ్వు పోల్చిందేమీ లేదు. పెట్టె మీద అచ్చువేసిన వివరాలను వాక్యాలుగా పేర్చావు, అంతే. పీఎస్‌పీ తెర 4.3 అంగుళాలు, 480 × 272 పిక్సెళ్లు, ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్. అన్నీ నిజమే. "అయితే ఏంటి?" అని ఎవరైనా అడిగితే నీ పేజీల్లో జవాబు లేదు. తెర చిన్నదవడం వల్ల ఆటలో ఏం జరిగింది? అవతలివాడు కాలు ఎత్తుతున్నాడా, వంగి కింద కొట్టబోతున్నాడా అన్నది నీ కంటికి సమయానికి ఆనిందా లేదా? ఆనితే ఆ అంకెతో పనిలేదు. ఆనకపోతే అంకె ఆ వాక్యం పక్కనే ఉండాలి. రెండు పేజీల ముందు చెప్పేస్తే అక్కడికి వచ్చేసరికి అది ఎవరికీ గుర్తుండదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. నువ్వు పోల్చినవి ఒకే ఆటకు రెండు రూపాలు కావు. పీఎస్2 డిస్కులో ఉన్నది 2005 నాటి టెక్కెన్ 5. ఆ తర్వాత ఆర్కేడ్ మెషిన్ల (షాపుల్లో డబ్బులేసి ఆడే పెద్ద మెషిన్ల) కోసం 5.1 అని ఒక సవరణ వచ్చింది. ఆ ఏడాది చివర్లో డార్క్ రిజరెక్షన్ వచ్చింది. 2006లో పీఎస్‌పీలోకి తెచ్చింది దాన్ని. పాత్రల్లో లిలీ, డ్రగునోవ్ కొత్తగా చేరారు, ఆర్మర్ కింగ్ తిరిగొచ్చాడు, పాతవాళ్ల దెబ్బల్ని కూడా అక్కడక్కడా మార్చారు. ఇదేమీ పట్టించుకోకుండా "ఈ కాంబో (వరసగా తగిలే దెబ్బల గొలుసు) పీఎస్‌పీలో పడటం లేదు, చిన్న మెషిన్ కదా" అని రాసేశావు. ఏందబ్బయా ఇది! ఆ కాంబో పడకపోవడానికి మెషిన్ కారణమా, లేక ఆటను తయారుచేసినవాళ్లే ఆ దెబ్బను మార్చారా? ఒక గిన్నెలో చేపల పులుసు, ఇంకో గిన్నెలో రసం రుచి చూసి, ఏ గిన్నె మంచిదో తీర్పు చెప్పినట్టుంది.

దీనికి రెండు దారులున్నాయి. నిజంగా మెషిన్లనే పోల్చాలనుకుంటే ఒకే ఆట రెండుచోట్లా ఉన్న జత వెతుక్కో. డార్క్ రిజరెక్షన్ పీఎస్3కి కూడా డౌన్‌లోడ్‌గా వచ్చింది. టెక్కెన్ 6 అయితే 2009లోనే పీఎస్3కీ పీఎస్‌పీకీ వచ్చింది. లేదూ, ఇంట్లో ఉన్నది పీఎస్2నే, దాని గురించే రాస్తానంటావా, రాయి. చాలామంది పరిస్థితి అదే కాబట్టి నాకు ఈ రెండో దారే ఇష్టం. అప్పుడు మాత్రం ప్రతి తేడా దగ్గరా ఆగి, ఇది మెషిన్ వల్ల వచ్చిందా, సవరణ వల్ల వచ్చిందా అని విడదీసి చెప్పాలి. విడదీయలేని తేడాను వదిలెయ్.

ఇక చేతుల సంగతి. "పీఎస్‌పీలో కంట్రోల్స్ కొంచెం ఇబ్బంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఫైటింగ్ గేమ్ గురించి రాసేవాడికి అసలు పని మొదలయ్యేదే అక్కడ. టెక్కెన్‌లో నాలుగు బటన్లు నాలుగు అవయవాలు: చతురస్రం ఎడమ చెయ్యి, త్రికోణం కుడి చెయ్యి, క్రాస్ ఎడమ కాలు, సున్నా కుడి కాలు. పీఎస్‌పీ ముఖం మీద ఆ నాలుగూ ఉన్నాయి కాబట్టి ఈ ఆట అందులో ఇమిడిపోయింది. ఆరు బటన్లు కావాల్సిన స్ట్రీట్ ఫైటర్ అంత సులువుగా ఇమడదు. కానీ పీఎస్2 కంట్రోలర్‌కు పైన నాలుగు బటన్లు ఉంటే పీఎస్‌పీకి రెండే. రెండు మూడు బటన్లు కలిపి నొక్కాల్సిన వాటిని పైన పెట్టుకుని ఆడే అలవాటున్నవాడికి ఇక్కడ సగం పోయినట్టే. కుస్తీ పట్లు పట్టే కింగ్ పాత్రని తీసుకుని ఒక పట్టు మీద ఇంకో పట్టు గొలుసులా వేసేవాడిని అడుగు, వాడికి ఎక్కడ మండుతుందో చెబుతాడు. లా, పాల్ పాత్రలతో ఆడేవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. ఎవరికి ఇబ్బందో చెప్పకుండా "ఇబ్బంది" అంటే అది ఎవరికీ పనికిరాదు.

కజుయా 'ఎలక్ట్రిక్' దెబ్బ గురించి నువ్వు రాసింది ఇంకా పెంచు. ముందుకు నొక్కి, వదిలి, కిందకి, ఆ వెంటనే కింద-ముందు మూలకు జరిగి, సరిగ్గా ఆ మూలను తాకిన ఫ్రేమ్‌లోనే (తెర మీద మారే ఒక్క బొమ్మ సేపట్లోనే) త్రికోణం పడాలి. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి నీకున్న సమయం సెకనులో అరవయ్యో వంతు. ఒక్క ఫ్రేమ్ ఆలస్యమైతే మామూలు దెబ్బే పడుతుంది. అవతలివాడు దాన్ని ఆపితే తిరిగి నీకే తగులుతుంది. ఎలక్ట్రిక్ పడితే ఆపినా నీదే పైచేయి. ఇంత సన్నని పని పీఎస్2 డీ-ప్యాడ్ (దిక్కుల బటన్) మీద ఎలా వస్తోంది, పీఎస్‌పీలోని చిన్న డీ-ప్యాడ్ మీద ఎలా వస్తోంది? తెరకు ఎడమవైపు ఉన్నప్పుడు ఒకలా, కుడివైపుకి మారినప్పుడు ఇంకోలా ఉందా? రైలు నిలబడినప్పుడూ కదులుతున్నప్పుడూ చూడు. నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేని సరుకు ఇది. రోజూ పొద్దున కావలిలో ఎక్కి పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదుగా నెల్లూరు దాకా ఆడేవాడివి నువ్వు. సాయంత్రం ఇంటికెళ్లి అదే కజుయాను పీఎస్2లో తీసుకుంటావు. రైల్లో నేర్చుకున్నది ఇంట్లో పనికొస్తోందా? నీ వ్యాసం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి. ఇప్పుడున్న ముసాయిదాలో ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

పనికొస్తుందనే నా అంచనా. రెండూ 60 ఫ్రేముల ఆటలే, పీఎస్‌పీకి తెచ్చినవాళ్లు ఆ లెక్కను చెడగొట్టలేదు. గ్రాఫిక్స్‌లో కోత పెట్టి వేగాన్ని కాపాడారు. తెలివైన పని అది. అన్ని ఆటలకూ ఈ అదృష్టం పట్టలేదు. 2011లో చేతిలో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్‌కు వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 4 చూడు. అద్దాలు లేకుండానే త్రీడీ అని గొప్పగా చెప్పారు, కానీ త్రీడీ ఆన్ చేస్తే 60 ఫ్రేములు కాస్తా 30 అవుతాయి. వెనకాల మనుషులు బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. అది పెద్ద విషయం కాదులే, కొట్లాటలో వెనక్కి చూసేదెవరు? అసలు మార్పు కింది టచ్ తెరలో ఉంది. ప్రత్యేక దెబ్బలను అక్కడ బటన్లుగా పెట్టుకోవచ్చు. అందులోని గైల్ అనే పాత్ర దూరం నుంచి విసిరే సోనిక్ బూమ్ దెబ్బ వేయాలంటే వెనక్కి నొక్కిపట్టి కాసేపు ఆగాలి. ఆ ఆగడమే వాడి బలహీనత, వాడితో ఆడటంలో ఉన్న కిటుకూ అదే. టచ్ తెర మీద వేలు పెడితే ఆగనక్కర్లేకుండా బూమ్ వెళ్లిపోతుంది. ఇంట్లో కన్సోల్ మీద ఉన్న గైల్, ఈ గైల్ ఒకే మనిషి కాదు. ఇలాంటి తేడా దొరికితే పేజీలకు పేజీలు రాసినా చదువుతారు.

2023లో మోర్టల్ కొంబాట్ 1 అనే కొట్లాట ఆట నింటెండో స్విచ్‌కు వచ్చినప్పుడు అందరూ పాత్రల మైనపు ముఖాలను చూసి నవ్వారు. నవ్వాల్సిందే, పెద్ద కన్సోళ్లలో అమ్మిన ధరకే అమ్మారు మరి. దాని గురించి నీ పేరా చాలు, పెంచకు.

ఒక హెచ్చరిక. "పీఎస్2లో బటన్ నొక్కాక కొంచెం లేటుగా కదులుతోంది" అని రాశావు. మీ ఇంట్లో టీవీ ఏది? పాత డబ్బా టీవీ అయితే ఆ ఆలస్యం ఉండకూడదు. గోడకు తగిలించిన కొత్త టీవీ అయితే, పీఎస్2 నుంచి మూడు రంగుల వైర్లలో వచ్చే పాత సిగ్నల్‌ను తన తెరకు సరిపోయేలా మార్చుకోవడానికి అది కొంత సమయం తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే పెట్టి మళ్లీ చూడు. టెక్కెన్‌లో అన్నిటికంటే వేగంగా పడే పిడిగుద్దు పదో ఫ్రేమ్‌లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. అందులో టీవీ రెండు మూడు ఫ్రేములు మింగేస్తే ఆట మారిపోయినట్టే అనిపిస్తుంది, తప్పు మాత్రం పీఎస్2ది కాదు. నమ్మకం కుదరకపోతే ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టు. 240 ఫ్రేములతో తీస్తే ఆటలోని ఒక్కో ఫ్రేముకు వీడియోలో నాలుగు వస్తాయి. నీ వేలు, తెర రెండూ కనిపించేలా ఫోన్ నిలబెట్టి, బటన్ దిగినప్పటి నుంచి చెయ్యి కదిలేదాకా లెక్కపెట్టు. అదే పద్ధతిలో పీఎస్‌పీని కూడా చూడు. వచ్చిన అంకెను వ్యాసంలో పెట్టు, ఏ టీవీ మీద చూశావో కూడా చెప్పు. నీది ఏ మోడల్ పీఎస్‌పీనో కూడా రాయాలి. మొదటి మోడళ్ల తెర మీద వేగంగా కదిలే బొమ్మ వెనక మసక గీత లాగుతుంది. 3000 మోడల్‌లో అది తగ్గింది కానీ కదలికలో సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. పొద్దున నెల్లూరు వైపు వచ్చే రైల్లో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఇవేవీ కనిపించవనుకో, ఎండ తప్ప.

పీఎస్‌పీలో "చాలా తీసేశారు" అని ఫిర్యాదు చేశావు. ఏం తీసేశారో చూద్దాం. పీఎస్2 డిస్కులో డెవిల్ వితిన్ అనే సాహసయాత్ర ఉంది, పీఎస్‌పీలో లేదు. నన్నడిగితే పీడా పోయింది. దానికి బదులు టెక్కెన్ డోజో అనే ఒంటరి ఆట పద్ధతి పెట్టారు, ఒంటరిగా రైల్లో ఆడేవాడికి అదే మేలు. కానీ పీఎస్2 డిస్కులో పాత టెక్కెన్లు మూడూ ఉన్నాయన్న మాట నువ్వు అసలు ఎత్తలేదు! గంటకింత అని డబ్బులిచ్చి వీడియో గేమ్ షాపుల్లో టెక్కెన్ 3 ఆడిన తరం మనవైపు ఎంతమందో నీకు తెలియదు. అందులో ఎడ్డీ అనే పాత్రని తీసుకుని కాళ్ల బటన్లు రెండూ ఎడాపెడా నొక్కి గెలిచినవాళ్లు ఈ రోజుకీ అది తమ ప్రతిభే అనుకుంటారు. వాళ్లకు ఆ డిస్కు కొనడానికి ఇదొక్కటే కారణం చాలు. అయితే అందులో ఉన్నది ఆర్కేడ్ టెక్కెన్ 3. ప్లేస్టేషన్‌కు మాత్రమే చేర్చిన గాన్, డాక్టర్ బోస్కోనోవిచ్ పాత్రలు అందులో ఉండవు. టెక్కెన్ బాల్ అనే బంతాట కూడా ఉండదు. గాన్ కోసం కొనేవాడికి ముందే చెప్పకపోతే నిన్ను తిడతాడు, న్యాయంగానే తిడతాడు.

ఇద్దరు ఆడటం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. పీఎస్2కి ఇంకో కంట్రోలర్ ఉంటే అన్నదమ్ములిద్దరూ కూర్చుంటారు. పీఎస్‌పీలో అదే పని చెయ్యాలంటే రెండో మెషినే కావాలి. ఇంటర్నెట్ లేకుండా రెండూ వైర్‌లెస్‌గా కలుస్తాయి, అది బాగానే ఉంటుంది, కానీ ఖర్చు చూడు. మరోవైపు ఎండాకాలంలో కరెంటు పోతే పీఎస్2 అలంకారానికే.

నీ పాఠకుల్లో పీఎస్‌పీ చేత్తో పట్టుకున్నవాళ్లు ఎందరుంటారో కూడా ఆలోచించు. పీఎస్2 తయారీ 2013లో ఆగిపోయింది, పీఎస్‌పీది ఆ మరుసటి ఏడాది. ఇప్పుడు మన కుర్రాళ్లలో చాలామంది పీఎస్‌పీ టెక్కెన్ 6ను ఫోన్లో పీపీఎస్ఎస్‌పీపీ ఎమ్యులేటర్ (పీఎస్‌పీని అనుకరించే యాప్) పెట్టుకుని ఆడుతున్నారు. వాళ్ల దృష్టిలో చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ అంటే అదే. గాజు మీద వేలికి మూల ఎక్కడుందో తెలియదు, ఎలక్ట్రిక్ కోసం ప్రయత్నించి చూస్తే నీకే అర్థమవుతుంది. దాని గురించి ఒక పేరా రాయి, బ్లూటూత్ కంట్రోలర్ తగిలించి కూడా చూడు. ఆట ఫైలు ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పకు, ఎవరడిగినా సరే.

ఇంగ్లిష్ రివ్యూలు చదవడం మానెయ్యమనను, నీది రాసేశాక చదువు. చివర్లో పదికి ఎనిమిదిన్నర, పదికి ఏడు అని వేసిన మార్కులు తీసెయ్. ఆ ఒకటిన్నర మార్కు ఎక్కడ పోయిందో నువ్వు కూడా చెప్పలేవు. కంపెనీ చరిత్ర పేరా కూడా అక్కర్లేదు.

ఆదివారం ఖాళీగా ఉంటే పీఎస్‌పీ, ఛార్జర్ తీసుకుని మా ఇంటికి రా. నా దగ్గర పీఎస్3లో డార్క్ రిజరెక్షన్ ఉంది, కొత్త టీవీ మీద కూడా లెక్క చూద్దాం. కొట్టించుకోవడానికి నేనూ ఉంటాను. ఈలోగా రైలు పేరాను మాత్రం ముట్టుకోకు, దాన్ని మొదటి పేజీకి తెచ్చి పెట్టు.

నీ
అన్న