నో-హిటర్ వేసిన రోజే పిచర్‌కు గొప్ప రోజా? ఒక షెర్జర్ అభిమాని సమాధానం

“ఏ బేస్‌బాల్ పిచర్‌కైనా జీవితంలో అత్యుత్తమమైన ఆట అతడు నో-హిటర్ వేసిన ఆటేనా? మీ అభిమాన పిచర్‌ను బట్టి చెప్పండి” అని అడిగారు. పిచర్ అంటే బ్యాటర్లకు బంతి విసిరేవాడు, నో-హిటర్ అంటే ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా (బంతిని కొట్టి బేస్ చేరడం) ఇవ్వకుండా ముగించిన ఆట. ఆ ప్రశ్నకు కానే కాదని నా సమాధానం. మ్యాక్స్ షెర్జర్ వాషింగ్టన్ నేషనల్స్‌కు ఆడిన కాలంలో అతడిని శ్రద్ధగా గమనించిన వారెవరైనా ఇదే అంటారని నా నమ్మకం. అననివారు స్కోరు పట్టిక చూసి ఉంటారే తప్ప ఆట చూసి ఉండరు.

2015 జనవరిలో నేషనల్స్ యాజమాన్యం అతడితో ఏడేళ్లకు 21 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు, ఉత్తర వర్జీనియాలోని మా ఆఫీసులో మధ్యాహ్న భోజనాల దగ్గర వారం పాటు అదే చర్చ. ఐదు రోజులకొకసారి మైదానంలోకి దిగేవాడికి అంత సొమ్మా అని మనవాళ్లే ఎక్కువగా ఆశ్చర్యపోయారు. జూన్ నెల వచ్చేసరికి ఆ నోళ్లన్నీ మూతపడ్డాయి. జూన్ 14న మిల్వాకీలో అతడు మొదటి ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క బ్యాటర్‌ను కూడా బేస్ ఎక్కనివ్వలేదు (ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్‌లో జట్టుకు మూడు అవుట్లు). ఏడో ఇన్నింగ్ ఆరంభంలో కార్లోస్ గోమెజ్ కొట్టిన దెబ్బకు బ్యాటే విరిగింది, బంతి మాత్రం నీరసంగా గాలిలో తేలి సెకండ్ బేస్‌మన్‌కు అందీ అందనంత దూరంలో పడింది. ఆ రోజు మొత్తం మీద అదొక్కటే హిట్, ఒకే ఒక్క వాక్ (నాలుగు గురితప్పిన బంతులకు ఊరికే దక్కే బేస్), 16 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేయడం). బ్యాటు విరగ్గొట్టిన పిచర్ ఆ బంతి పోరులో గెలిచినట్లే లెక్క, కానీ రికార్డులో విరిగిన బ్యాటుకూ విరగని బ్యాటుకూ తేడా ఉండదు.

ఆ తరువాతి ఆట జూన్ 20, శనివారం, నేషనల్స్ పార్క్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో జరిగింది. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. క్రికెట్ తప్ప మరొకటి ఆటే కాదనే మనిషి కావడం వల్ల మొదటి రెండు ఇన్నింగ్స్ అతడు ఫోనులోనే గడిపాడు. మా పక్క సీటులో ఒక పెద్దావిడ పెన్సిలుతో స్కోరుకార్డు రాసుకుంటున్నారు. బ్యాటర్ అవుటైన ప్రతిసారీ చిన్న గడిలో ఒక అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, పెన్సిల్‌ను చెవి మీద పెట్టుకునేవారు. ఆరో ఇన్నింగ్ ముగిసేసరికి పైరేట్స్ వైపు పేజీలో బేసుల మధ్య పరుగు చూపించే గీత ఒక్కటి కూడా లేదు. అప్పటికి మా బావమరిది ఫోను జేబులో పెట్టి, “బావా, వీళ్లలో ఒక్కడు కూడా ఇంతవరకు బేస్ ఎక్కలేదు కదా, దీన్నేమంటారు?” అని గట్టిగా అడిగాడు. ఆట నడుస్తుండగా ఆ పేరు పైకి అనడం అపశకునమని ఇక్కడ గట్టి నమ్మకం. సాటి ఆటగాళ్లు సైతం అలాంటి రోజున పిచర్ పక్కన కూర్చోరు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడిగితే మన పెద్దలు ఎలా చిరాకుపడతారో ఇదీ అంతే. ఇంటికి వెళ్లాక చెబుతానన్నాను.

తొమ్మిదో ఇన్నింగ్‌లో ఇద్దరు అవుటయ్యారు. వరుసగా 26 మంది వచ్చిన దారినే వెనుదిరిగారు. అప్పటిదాకా నూట ముప్పయ్యేళ్లకు పైబడిన మేజర్ లీగ్ చరిత్రలో పర్ఫెక్ట్ గేములు, అంటే 27 మందిలో ఒక్కరు కూడా ఏ విధంగానూ బేస్ ఎక్కని ఆటలు, 23 మాత్రమే. పిచర్ వంతులో బ్యాటు పట్టడానికి హోసే తబాటాను పంపారు. అతడు బంతి తరువాత బంతిని ఫౌల్‌గా (గీతల బయటికి) నెట్టుతూ 2-2 దాకా, అంటే రెండు బాల్స్, రెండు స్ట్రైకుల దాకా లాక్కొచ్చాడు. అప్పుడు షెర్జర్ వేసిన స్లైడర్ తిరగవలసినంత తిరగక లోపలికి దూసుకొచ్చి తబాటా ఎడమ మోచేతి కవచానికి తగిలింది. బంతి తగిలిన బ్యాటర్‌కు బేస్ ఇస్తారు, కాబట్టి పర్ఫెక్ట్ గేమ్ పోయింది, అది హిట్ కాదు గనుక నో-హిటర్ మిగిలింది. మైదానమంతా ఒక్కసారిగా అరుపులు. తబాటా కావాలనే మోచేయి కిందికి దించాడన్నది నా కళ్లతో చూసిన మాట, వీడియోలోనూ అలాగే కనిపిస్తుంది. తప్పించుకునే ప్రయత్నం చేయని బ్యాటర్‌కు బేస్ ఇవ్వనక్కరలేదని నిబంధనలలో స్పష్టంగా ఉన్నా, అంపైర్లు దాన్ని అమలు చేసిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమలు చేయని నిబంధన పుస్తకంలో ఎందుకుండాలో నాకిప్పటికీ అర్థం కాదు. షెర్జర్ మాత్రం తబాటాను తప్పుపట్టలేదు, అతడి స్థానంలో ఉంటే బహుశా తానూ అదే చేసేవాడినన్నాడు. ఆ తరువాత జాష్ హారిసన్ లెఫ్ట్ ఫీల్డ్ గోడ వైపు బలంగా కొట్టిన బంతిని మైకల్ టేలర్ వెనక్కి పరుగెత్తి పట్టుకోవడంతో నో-హిటర్ పూర్తయింది. పెద్దావిడ చివరి గడి నింపి, తబాటా గడిలో పెన్సిలు మొన విరిగేలా ఒత్తి ఏదో రాశారు. మా బావమరిది, “99 మీద రనౌట్ చేసినట్లుంది బావా” అన్నాడు. క్రికెట్ తెలిసినవాడికి ఇంతకన్నా విడమరచి చెప్పనవసరం లేదు కదా.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. అదే ఏడాది సెప్టెంబరు 28న సిన్సినాటీ మీద ఎనిమిదో ఇన్నింగ్ దాకా షెర్జర్ హిట్ ఇవ్వలేదు, టకర్ బార్న్‌హార్ట్ సింగిల్ (ఒక బేస్ దాకా చేర్చే హిట్) దాన్ని చెడగొట్టింది. అక్టోబరు 3న న్యూయార్క్‌లో మెట్స్ మీద రెండో నో-హిటర్ వేశాడు. 17 స్ట్రైకవుట్లు, అందులో తొమ్మిది వరుసగా, ఒక్క వాక్ కూడా లేదు. ఆరో ఇన్నింగ్‌లో థర్డ్ బేస్‌మన్ యూనెల్ ఎస్కోబార్ బంతిని సరిగా విసరకపోవడం వల్ల ఒక్కడు బేస్ ఎక్కాడు. అంటే ఆ రెండు నో-హిటర్లలోనూ పర్ఫెక్ట్ గేమ్ ఒక్క మనిషి దూరంలో ఆగిపోయింది. ప్లేఆఫ్స్ ఆశలు ముగిసిన జట్టు ఆడిన ఆట కావడం వల్ల టీవీలో చూసినవారు కూడా తక్కువే. పిచింగ్ నాణ్యతను కొలిచే గేమ్ స్కోర్ లెక్క ప్రకారం అక్టోబరు 3 ఆటకు 104, ఒక హిట్ ఇచ్చిన మిల్వాకీ ఆటకు 100, జూన్ 20 నో-హిటర్‌కు 97 వచ్చాయి. నో-హిటర్ కాని ఆట నో-హిటర్‌ను దాటిందన్నమాట. ఆ 97 పాయింట్ల ఆటకు మైదానంలో ఉండి కూడా ఈ మాట అంటున్నాను.

చేతికి అందినట్లే అంది జారిపోయినవి అతడికి ఇంకా ఉన్నాయి. 2017 జూన్‌లో మయామీలో ఎనిమిదో ఇన్నింగ్ దాకా హిట్ ఇవ్వకుండా వచ్చి, ఎ.జె. ఎల్లిస్ ఇన్‌ఫీల్డ్‌లోనే ఆగిన ఒక దెబ్బతో సింగిల్ సాధించాక, చివరికి 2-1తో ఆటే ఓడిపోయాడు. 2021 సెప్టెంబరు 12న లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ తరఫున శాన్ డియేగో మీద ఎనిమిదో ఇన్నింగ్‌లో ఒకరు అవుటయ్యే దాకా పర్ఫెక్ట్‌గా వేశాడు. ఆ రోజే ఎరిక్ హాస్మర్‌ను అవుట్ చేసి తన 3000వ స్ట్రైకవుట్ అందుకున్నాడు, ఎనిమిదో ఇన్నింగ్‌లో డబుల్ (రెండు బేసుల హిట్) కొట్టి పర్ఫెక్ట్ గేమ్‌ను చెరిపేసింది కూడా ఆ హాస్మరే. ముప్పయ్యేడేళ్ల వయసులో ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క హిట్ ఇచ్చిన ఆ ఆటను నా వరుసలో జూన్ 20 కన్నా పైనే పెడతాను.