నాన్నకు ఏ చెవి మిషన్?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పిలిస్తే పలుకుతారు గానీ మాటలు సగమే అర్థమవుతున్నాయంటారు. పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి ఓ మోస్తరుగా తగ్గిందన్నారు. బయటికి కనిపించని బుల్లి మిషనే కావాలని ఆయన పట్టు. షుగరు ఉంది, వేళ్లు తిమ్మిరెక్కుతుంటాయి. ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేళ్ల తిమ్మిరి సంగతి రాసి మంచి పని చేశారు. ఆ విషయం షాపులో ఎవరూ అడగరు. చెవి లోపలికి పూర్తిగా దూరిపోయే సీఐసీ రకంలో సాధారణంగా 10 నంబరు సెల్లు వాడతారు. అది కందిగింజంత ఉంటుంది, వారం తిరక్కుండానే అయిపోతుంది. స్పర్శ సరిగా తెలియని వేళ్లతో దాన్ని మార్చడం నరకం. మా పెద్దత్తయ్య సెల్లు కింద పడేసుకుని, ఎవరినీ అడగలేక, మిషన్‌ని నెలల తరబడి బీరువాలోనే ఉంచేశారు. పైగా ఇవి చెవి గులిమితో తరచూ మూసుకుపోతాయి.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాలు. అందుకే స, శ లాంటి అక్షరాలు జారిపోతాయి, అచ్చులు మాత్రం వినిపిస్తాయి. 'వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు' అని నాన్నగారు అనేది అందుకే. ఇలాంటివారికి నా మొదటి ఓటు ఆర్ఐసీ రకానికి. మైకు, చిప్పు చెవి వెనక ఉంటాయి. వెంట్రుకంత తీగ చివర చిన్న స్పీకరు చెవిలో కూర్చుంటుంది. ఆ స్పీకరుకి రంధ్రాలున్న మెత్తని డోమ్ (చిన్న టోపీ లాంటి తొడుగు) వాడితే చెవి పూర్తిగా మూసుకుపోదు, తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు మోగదు. దూరం నుంచి చూస్తే తెలియదు కూడా. ఛార్జింగ్ మోడల్ తీసుకుంటే సెల్లు గొడవే ఉండదు, రాత్రి డబ్బాలో పెడితే చాలు. ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం ఎడమకి.

లోపం బాగా ఎక్కువైతే, చెవి వెనక పెట్టుకునే బీటీఈకి అచ్చు తీసి చేసిన మోల్డ్ తగిలించుకోవాలి. పిల్లలకూ అదే, చెవి పెరిగే కొద్దీ మోల్డ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. చీము కారే చెవికి మాత్రం ముందు వైద్యం చేయించాలి.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే యాంప్లిఫయర్లు వద్దు. వాటిలో చాలావరకు కుక్కర్ విజిల్‌నీ మనవడి మాటనీ ఒకేలా పెంచేస్తాయి. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష చార్టు) చూసి, ఏ శ్రుతి శబ్దం ఎంత పెంచాలో ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణులు, సరిచేసేదే అసలైన మిషన్. రెండు చెవులకూ తీసుకోండి, కొన్ని రోజులు ట్రయల్ ఇమ్మని గట్టిగా అడగండి. మెదడుకి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో ఫ్యాను చప్పుడు కూడా విసిగిస్తుంది. అప్పుడే తీసేయనివ్వకండి. ఖర్చు భారమైతే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 దాటినవారికి 2017లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. వినికిడి యంత్రాలూ అందులో ఉన్నాయి.

ప్రశ్న: నా ఆపిల్ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2ని అమ్మకు హియరింగ్ ఎయిడ్‌లా వాడొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో ఈ సదుపాయానికి అనుమతి ఇచ్చింది. అది 18 ఏళ్లు దాటి, లోపం స్వల్పం నుంచి ఓ మోస్తరు వరకు ఉన్నవారికే. సెట్టింగ్స్‌కి ఐఫోన్ గానీ ఐప్యాడ్ గానీ కావాలి. ఛార్జింగ్ సుమారు ఆరు గంటలే కాబట్టి రోజంతా పెట్టుకోవడానికి సరిపోదు. పెళ్లికో, టీవీ చూడ్డానికో బాగుంటుంది. ఒక చెవి మాత్రం ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే ఏ గ్యాడ్జెట్ గురించీ ఆలోచించకండి. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆలస్యమైతే తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.