గెలిచే ఆట చేజారిన కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వ్యాసానికే 2024 టొరంటో క్యాండిడేట్స్ (ప్రపంచ చెస్ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే టోర్నీ) చివరి రౌండ్‌లో కారువానా గెలిచే స్థితికి వచ్చి, చివరికి నెపోమ్నియాషితో డ్రా చేసుకున్న ఆట ఎంచుకున్నావు. ఆ ధైర్యం నచ్చింది. వాక్యం కూడా నీ చేతిలో తడబాటు లేకుండా నడుస్తోంది. కానీ ప్రతి పేరాలోనూ "కంప్యూటర్ లెక్క ప్రకారం" అన్న మాట తగులుతోంది. ఫలానా ఎత్తు దగ్గర తెల్లపావులకు ఇంత ఆధిక్యం, తర్వాతి ఎత్తుకి అది సున్నా, కాబట్టి ఆడింది ఘోర తప్పిదం. వ్యాసం పొడుగునా ఇదే వరస. చదివాక ఇద్దరికీ ఎన్ని మార్కులు పడ్డాయో తెలిసింది గానీ, వాళ్లు ఏం ఆడారో, ఎందుకలా ఆడారో తెలియలేదు.

గెలుపు చేజారిన ఆట గురించి రాయాలనుకుంటే ముందు ఇంజిన్‌ని, అంటే ఎత్తులకు లెక్కగట్టే ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని, ఆపెయ్. పూర్తిగా వద్దనడం లేదు, చివర్లో దాని అవసరం ఉంటుంది. ముందు మాత్రం బోర్డు పేర్చుకుని, ఒక్కో ఎత్తూ చేత్తో ఆడుకుంటూ ఆ ఘట్టం దాకా రా. అక్కడ ఆగు. కారువానా స్థానంలో నువ్వుంటే ఏం ఆడతావో, ఎందుకు ఆడతావో కాగితం మీద రాసిపెట్టుకో. నీకు ఏ ఎత్తు సహజంగా తోచింది, దేనికి భయమేసింది, ఏది అసలు కంటికే ఆనలేదు, అన్నీ రాయి. ఆ తర్వాతే ఇంజిన్‌ని అడుగు. అప్పుడది నీకు జవాబు చెప్పే గురువులా కాకుండా సాక్షిలా పనికొస్తుంది. ఈ పని చేయకుండా రాసిన "ఇక్కడ సులువుగా గెలిచేవాడు" అన్న వాక్యాన్ని నేను నమ్మను. ఎవరికి సులువు?

లండన్‌లో 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమ్ తీసుకో. అందులోనూ ఉన్నది కారువానాయే, నల్లపావులతో కార్ల్‌సన్ మీద ఆడుతున్నాడు. ఎండ్‌గేమ్‌లో, అంటే పావులు కొన్నే మిగిలిన దశలో, 68వ ఎత్తు దగ్గర అతనికి గెలుపు దారి ఉందని కంప్యూటర్ చూపించింది. బిషప్‌ను హెచ్4 గడికి జరపాలి. ఆ తర్వాత రెండు ఎత్తుల్లో గుర్రాన్ని తీసుకెళ్లి జీ1లో, అంటే బోర్డు అవతలి అంచున, బయటికి దారి లేని గడిలో దింపాలి. తన గుర్రాన్ని తానే బందీ చేసుకుంటే గెలుపు! చిన్నప్పటి నుంచి గుర్రాన్ని అంచుకు తోయొద్దని నేర్చుకున్న మనిషికి ఆ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? కారువానా నిజంగా అలా ఆడి ఉంటే దొంగచాటుగా కంప్యూటర్ సాయం అందుతోందేమోనని వెంటనే మెటల్ డిటెక్టర్లు తెప్పించేవారని మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవే అన్నాడు. ఆట 80 ఎత్తులకు డ్రా అయింది. ఆ రోజు "గెలుపు చేజార్చుకున్న కారువానా" అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, కానీ పాఠకుడికి నిజం కూడా చెప్పలేదు. ఏ మనిషికీ కనిపించని గెలుపు చేతిలో ఉన్నట్టు కాదు, కాబట్టి అది చేజారినట్టూ కాదు.

దీని పక్కన 1892 హవానా పెట్టి చూడు. స్టెయినిట్జ్‌తో చిగోరిన్ ప్రపంచ టైటిల్ పోరు, 23వ గేమ్. తెల్లపావులతో చిగోరిన్ ఒక పావు ఎక్కువతో గెలుపు బాటలో ఉన్నాడు. గెలిస్తే విజయాలు చెరి తొమ్మిది అవుతాయి. రెండు నల్ల ఏనుగులు రెండో వరసలోకి దిగి కూర్చున్నాయి. తెల్లరాజు మూలన ఉన్నాడు. అతని ముందున్న బంటును దూరం నుంచి కాపాడుతున్నది ఒకే ఒక్క బిషప్. 32వ ఎత్తులో చిగోరిన్ ఆ బిషప్‌నే పక్కకు తీశాడు. ఏనుగు ఆ బంటును కొట్టి షా చెప్పింది, రెండో ఏనుగు పక్కకు వచ్చి చేరితే ఆటకట్టు. గేమ్ పోయింది, దాంతో పాటే మ్యాచ్ కూడా. ఘోర తప్పిదం అన్న మాటను ఇలాంటి చోటుకి దాచుకో. నీ వ్యాసంలో ఆ మాట అన్నిచోట్లా వాడేశావు. నిజంగా అవసరమైనప్పుడు దానిలో బలం మిగలదు.

నేను హవానా ఆటను చెప్పిన తీరు కూడా ఒకసారి చూసుకో. ఎత్తుల పట్టిక ఇవ్వలేదు. రాజు ఎక్కడ, అతనికి కాపలా ఎవరు, కాపలా ఎప్పుడు లేచిపోయింది, అంతే. వ్యాసం చదివేవాడి ముందు బోర్డు ఉండదు. పది ఎత్తుల వేరియేషన్ (ఇలా ఆడితే అలా అన్న ఎత్తుల వరస) ఇస్తే కళ్లు దాటేస్తాయి. ఆట మొత్తంలో ఒకే ఒక్క పొజిషన్ ఎంచుకుని, దాన్ని చదరంగం కొద్దిగా తెలిసినవాడికి కూడా బొమ్మ కట్టేలా చెప్పు. మిగతాది రెండు మూడు వాక్యాల్లో నడిపించు.

ఇక గడియారం. నీ వ్యాసంలో అది ఒక్కచోట కూడా టిక్కుమనలేదు! టొరంటోలో మొదటి 40 ఎత్తులకు రెండు గంటల సమయం. అప్పటిదాకా ఎత్తుకి అదనపు సెకన్లు లేవు. ఆ తర్వాత ఇంకో 30 నిమిషాలు, 41వ ఎత్తు నుంచి ఎత్తుకి 30 సెకన్లు చొప్పున కలుస్తాయి. దీని అర్థం ఏమిటో పాఠకుడికి నువ్వే విప్పి చెప్పాలి. ఆట ముదిరి, పావులన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటున్న సమయానికే గడియారంలో నిమిషాలు ఇంకిపోతాయి. సరిగ్గా ఆలోచన ఎక్కువ కావాల్సిన చోట టైమ్ తక్కువ. ఆ టెన్షన్‌లో ఆటగాడు గెలిచే ఎత్తు వెతకడు, ఓడిపోని ఎత్తు వెతుకుతాడు. రెండూ ఒకటి కావు. ఆధిక్యం సాధారణంగా కరిగేది ఈ తేడాలోనే. ప్రతి ఎత్తు దగ్గరా ఎవరికి ఎంత సమయం మిగిలిందో ఆట రికార్డులోనే దొరుకుతుంది. ఎత్తుల పక్కన ఆ అంకెలు రాసుకుని చూడు, నీ వ్యాసానికి సగం నడక అందులోంచే వస్తుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయం. నీ వ్యాసంలో నెపోమ్నియాషి లేడు. పేరు ఉంది, మనిషి లేడు. కారువానా తనంతట తానే గెలుపును వదిలేసినట్టు రాశావు. అవతల కూర్చున్నవాడు గంటల తరబడి ఉడుంపట్టు పట్టకపోతే ఆ ఆట 109 ఎత్తుల దాకా ఎలా వెళ్తుంది?

గెలుస్తున్న ఆటను గెలవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఓడిపోతున్నవాడి వైపు నుంచి చూడాలి. అతనికి పోయేదేమీ లేదు కాబట్టి పని స్పష్టంగా ఉంటుంది. ప్రతి ఎత్తుకీ అవతలివాడి ముందు కొత్త ప్రశ్న పెట్టాలి. గెలుస్తున్నవాడికేమో రెండు మూడు మంచి దారులు కనిపిస్తుంటాయి, వాటిలో చిక్కులేని దారి కావాలనిపిస్తుంది. పావులు మార్చుకుంటే చాలు, ఇక ఒడ్డున పడ్డట్టే అనుకుంటాడు. ఆ మార్పిడితోనే అవతలివాడికి ఊపిరి అందుతుంది. గెలుపుకి ఒకే దారి ఉన్నప్పుడు పెద్ద ఆటగాళ్లు దాన్ని ఎలాగోలా వెతికి పట్టుకుంటారు. నాలుగు దారులున్నప్పుడు తప్పడం నేను ఎన్ని ఆటల్లో చూశానో.

న్యూయార్క్‌లో 2016 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కర్యాకిన్ చేసింది ఇదే. మూడు, నాలుగు గేముల్లో కార్ల్‌సన్ గెలిచే స్థితికి వచ్చాడు. ఒకటి 78 ఎత్తులు, రెండోది 94 ఎత్తులు సాగి రెండూ డ్రా అయ్యాయి. ఎనిమిదో గేమ్‌లో కర్యాకిన్ ఏకంగా గెలిచాడు కూడా. కార్ల్‌సన్ అవకాశాలు వదిలాడని రాయడం ఎంత నిజమో, కర్యాకిన్ వాటిని చేతికి అందనివ్వలేదని రాయడం అంతకంటే ఎక్కువ నిజం. మ్యాచ్‌ను చివరికి టైబ్రేక్‌లో, అంటే స్కోరు సమమైతే తక్కువ సమయంతో ఆడే గేముల్లో, కార్ల్‌సనే గెలిచాడు. అయినా ఆ రెండు గేములు కర్యాకిన్‌వే అంటాను.

2025 జూన్‌లో స్టావాంగర్‌లో నార్వే చెస్ టోర్నీ ఆట నువ్వూ చూసే ఉంటావు. గుకేశ్ మీద కార్ల్‌సన్ చాలాసేపు గెలుపు స్థితిలో ఉన్నాడు. అక్కడ 40వ ఎత్తు దాటాక ఎత్తుకి కలిసేది పది సెకన్లే. 52వ ఎత్తులో కార్ల్‌సన్ నల్లగుర్రంతో షా చెప్పాడు, ఆట తిరగబడింది. క్లాసికల్ గేమ్‌లో, అంటే గంటల తరబడి సాగే ఆటలో, కార్ల్‌సన్‌పై గుకేశ్‌కి అదే తొలి గెలుపు. ఆ తర్వాత కార్ల్‌సన్ బల్ల మీద పిడికిలితో గుద్దిన దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. దాని గురించే అందరూ రాశారు. ఆ దెబ్బకి ముందు, ఓడిపోతున్న స్థితిలో గుకేశ్ కుర్చీలో కదలకుండా కూర్చుని ఒక్కో ఎత్తూ కష్టం చేస్తూ పోయిన సమయం ఉంది చూడు, రాయాల్సింది దాని గురించి.

ఇక్కడే ఇంకో మాట. 2024 సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్‌ను కూడా ఈ కోవలోనే కలిపేశావు. అది వేరు. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడికి జరిపి పోగొట్టుకున్నది డ్రాని, గెలుపుని కాదు. ఆ పేరా తీసెయ్.

మళ్లీ టొరంటోకి వద్దాం. ఆ ఆట విలువ ఎక్కడుందో నీ వ్యాసంలో చివరిదాకా తెలియలేదు. పక్క బోర్డు మీద నకమురతో గుకేశ్ డ్రా చేసుకుని తొమ్మిది పాయింట్లతో ఉన్నాడు. కారువానా, నెపోమ్నియాషి చెరి ఎనిమిది పాయింట్లతో ఆ రౌండ్‌కి వచ్చారు. ఇద్దరిలో ఎవరు గెలిచినా గుకేశ్‌తో టైబ్రేక్. డ్రా అయితే ఇద్దరూ ఎనిమిదిన్నర దగ్గర ఆగిపోతారు, ప్రపంచ చాంపియన్‌తో ఆడే అవకాశం గుకేశ్‌ది. అంటే నెపోమ్నియాషి అంత కష్టపడి కాపాడుకున్న డ్రా అతనికీ పనికిరాదు. ఇది మొదటి పేరాలోనే చెప్పి ఉంటే, చివర్లో అతను కారువానాతో క్షమించమన్నట్టు మాట్లాడటం, తప్పు నాదేనని కారువానా అనడం, ఈ రెండు చిన్న మాటలు పాఠకుడి గుండెకి తగిలేవి. నువ్వు వాటిని కొసరుగా పెట్టావు. ఇద్దరూ ఓడిపోయిన డ్రా అది. అలాంటిది రాయడానికి దొరకడమే అదృష్టం.

ఆటగాళ్లు తర్వాత ఏమన్నారో వెతుకు. ఏ ఎత్తు చూడలేదన్నారో కాదు, ఏ ఎత్తుకి భయపడ్డామన్నారో చూడు. లేని ముప్పును ఊహించుకుని మంచి ఎత్తును వదిలేసిన సందర్భం దొరికితే దాని మీదే పేజీ రాయొచ్చు. వాళ్లు చెప్పనిది మాత్రం వాళ్ల మనసులోకి దూరి రాయకు. "ఆ క్షణంలో అతని గుండె బరువెక్కింది" అని నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను. నీకెలా తెలుసు? అతను ఎన్ని నిమిషాలు ఆలోచించాడో రాయి, చాలు.

ముగింపు కరచాలనం దగ్గర ఆపెయ్. జీవితమూ చదరంగంలాంటిదే అన్న చివరి పేరా అవసరం లేదు.

తిరగరాసి పంపు. ఇంజిన్ అంకెలు వ్యాసం మొత్తం మీద ఒక్కచోటే ఉండనీ, అదీ ఎంతో అవసరమైతే. బోర్డు ముందు కూర్చున్నప్పుడు కాగితం మీద నువ్వు రాసుకున్న ఎత్తు ఏదో అది కూడా జతచెయ్. అది కారువానా ఆడిన ఎత్తే అయితే, ఆ ఎత్తు నీకూ ఎందుకు సరైనదిగా తోచిందో చెప్పే పేరాతోనే వ్యాసం మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
అన్నయ్య