వంజరం ముక్కలు పెనం మీద ఎందుకు విరుగుతాయి?

రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టిన వంజరం ముక్కలు పెనం మీద పొడిపొడి అయ్యాయని అడిగారు. తప్పు నిమ్మరసానిదే. పులుపు ఎక్కువసేపు తగిలితే చేప కండ నిప్పు సెగ తగలకముందే తెల్లబడి, పిండిలా తయారవుతుంది. నిమ్మరసంలో నానబెట్టాలంటే అరగంట చాలు.

మా బరంపురంలో చాలామంది ముందు ఉప్పు, పసుపు మాత్రమే పట్టించి 15 నిమిషాలు ఉంచుతారు. ఊరిన నీటిని గుడ్డతో అద్దాకే కారం, అల్లంవెల్లుల్లి ముద్ద. తడి మిగిలితే ముక్క వేగదు, ఉడుకుతుంది.

ఆవనూనె అయితే సన్నగా పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి వేయండి. అంగుళం మందానికి ఒక్కో వైపు 4-5 నిమిషాలు. మధ్యలో అట్లకాడ పెట్టి గెలకొద్దు. అడుగు ఎర్రబడితే ముక్క తానే పెనాన్ని వదులుతుంది. నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండుకోండి. పక్కన పఖాళం (నీళ్లలో నానబెట్టిన అన్నం) ఉంటే మరీ మంచిది.