నాన్న పేరు మీద నిధి పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మీ నాన్న సంవత్సరీకం నాటికి పేద పిల్లల చదువు కోసం ఆయన పేరు మీద ట్రస్టు పెట్టాలనుకుంటున్నారని, ముగ్గురూ కలిసి 20 లక్షలు సమకూర్చారని వదిన చెప్పింది. కడుపు నిండిపోయింది. ఇన్నేళ్లుగా చెన్నైలో ధర్మ సంస్థల లెక్కలు చూస్తున్నదాన్ని కనుక కొన్ని సంగతులు చెప్పాలి.

ముందు మీ నాన్న పద్దు పుస్తకాలు తీసి చదవండి. షావుకారుపేట కొట్లో గల్లాపెట్టె కింద ఉండేవి. వాటిలో పిల్లల పేర్లు కనబడవు. ‘మింటు వీధి, ఎనిమిదో తరగతి, రెండో విడత’ అని ఉంటుంది, పక్కన మొత్తం, అంతే. మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి కొట్టు పెట్టిన నాటి పద్ధతి అది. మూటలు మోసేవాళ్ల పిల్లల ఫీజు నేరుగా బడి ఆఫీసులో కట్టి, రశీదు తల్లి చేతికిచ్చి వచ్చేవారు. మూడో కంటికి తెలిసేది కాదు. పిల్లలను వేదిక ఎక్కించి చెక్కులిస్తూ ఫొటోలు తీయిద్దామని మీ తమ్ముడు అన్నాడట. వద్దు నాయనా. మర్నాడు తరగతిలో ఆ పిల్ల తలెత్తుకోలేదు. నిధి ఎంత చిన్నదైనా ఫరవాలేదు, ఆ గుట్టు మాత్రం నిలబెట్టండి.

ట్రస్టు డీడు రాయించేటప్పుడు తొందరపడకండి. ఈ ఊళ్లో వర్తకం చేసి గడించిన పచ్చయప్ప మొదలియారు ధర్మకార్యాలకు విల్లు రాసి 1794లో కన్నుమూశారు. ఆస్తి వ్యాజ్యాల్లో చిక్కుకుంది. ఆ డబ్బుతో బడి తెరిచేసరికి 1842 వచ్చింది. కాబట్టి ధర్మకర్తలెవరు, ఒకరు తప్పుకుంటే ఆ చోటుకు ఎవరు రావాలి, మాట కుదరనప్పుడు ఎలా తేల్చాలి, ట్రస్టు నడవకపోతే సొమ్ము ఏ ధర్మ సంస్థకు చేరాలి, ఇవన్నీ రాయించాకే సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లండి. ఇంటివాళ్లే కాక బయటి మనిషిని, రిటైరైన హెడ్మాస్టరు లాంటివారిని, ఒకరిని ధర్మకర్తగా పెట్టుకోండి. అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు వచ్చినప్పుడు ఆ ఒక్కరే అక్కరకొస్తారు.

‘మన కులం పిల్లలకు’ అని రాయించమని బంధువులు చెబుతారు. ఒప్పుకోవద్దు. ఒక్క కులం మేలు కోసం పెట్టిన ట్రస్టుకు సాధారణంగా ఆదాయపు పన్ను మినహాయింపు దక్కదు. అది చట్టం సంగతి. మూట మోసేవాడి కులం మీ నాన్న ఎన్నడూ అడగలేదు. నాకు అదే ముఖ్యం.

ఇక డబ్బు. మీరిచ్చేది మూలధనానికే అని ముగ్గురూ తలా ఒక ఉత్తరం రాసి ఫైల్లో పెట్టండి. లేకపోతే అది ఆ ఏటి ఆదాయం కింద లెక్కకు వస్తుంది. 20 లక్షల మీద ఏడు శాతం వడ్డీ వస్తే ఏటా 1,40,000. సాధారణంగా ఆదాయంలో 85 శాతం ధర్మానికి ఖర్చు పెట్టాలన్నది పన్ను నియమం. పదిమంది పిల్లలకు తలా 12,000 అనుకోండి, 1,20,000 అవుతుంది, నియమమూ తీరుతుంది. మిగిలినదాంట్లో ఆడిటరు ఖర్చు పోను మూలధనంలో కలపండి, ఫీజులు ఏటా పెరిగేవే కదా. యాభై మందికి ఇద్దామని ఉబలాటపడి అసలును ముట్టుకోకండి. పదిమందినైనా పన్నెండో తరగతి దాకా వదలకుండా చదివించడం మేలు. నడుమ ఆగిపోయిన సాయం వల్ల పిల్ల మళ్లీ పనికి పోతుంది.

మీ అక్క విషయం ఒకటుంది. తను అమెరికా పౌరసత్వం తీసుకుంది కనుక, తను ఇచ్చేది విదేశీ విరాళం అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద అనుమతి లేకుండా ట్రస్టు ఒక్క రూపాయి కూడా ముట్టుకోకూడదు, తన డబ్బు చెన్నై బ్యాంకు ఖాతాలోంచి వచ్చినా సరే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ చిక్కు లేదు. ఆ 20 లక్షల్లో తన వాటా ఉంటే ఇప్పుడే పక్కన పెట్టి, ఆడిటరును అడిగాకే కదలండి. తను చిన్నబుచ్చుకోకుండా నువ్వే ఫోను చేసి నెమ్మదిగా చెప్పు.

రిజిస్ట్రేషన్లు, పాన్ కార్డు, పన్ను శాఖ అనుమతి పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది. జూన్‌లో బళ్లు తెరుస్తారు. పోయిన ఏడాది పద్దులో ఉన్న పిల్లల ఫీజు ఈసారికి మీ జేబుల్లోంచే కట్టేయండి. ఏ బడిలో ఎవరిని కలవాలో కొట్లో పాత గుమాస్తాకు తెలుసు. ఈ వారంలోనే వెళ్లి అతన్ని అడుగు.

ఆశీర్వచనాలతో,
అత్తయ్య