హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల అసోసియేషన్) బాకీకి ఇల్లు వేలానికి పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి కాలిఫోర్నియాలో కాండో (సొంత ఫ్లాట్) ఉంది. దాన్ని అద్దెకిచ్చి మిర్యాలగూడ వచ్చేశాడు. బ్యాంకు ఈఎంఐ తప్పకుండా కడుతున్నాడు గానీ, హెచ్‌ఓఏకి నెలకు 400 డాలర్ల చొప్పున 5 నెలల బాకీ పడ్డాడు. ‘లియన్ (బాకీ కింద ఇంటి మీద హక్కు) వేస్తాం’ అన్న ఉత్తరం వచ్చిందని అద్దెకున్నవాళ్లు ఫోటో పంపారు. ఇల్లు పోతుందా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఇప్పటికిప్పుడు పోదు. పట్టించుకోకపోతే మాత్రం పోతుంది. ఈఎంఐ కడుతున్నామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. బ్యాంకు అప్పు వేరు, ఈ బాకీ వేరు.

అక్కడి చట్టం ప్రకారం నెలవారీ రుసుముల బాకీ మొత్తం 1,800 డాలర్లకు చేరినా, 12 నెలలు దాటినా అసోసియేషన్ లియన్ మీద ఇంటిని వేలం వేయించగలదు. ఆలస్య రుసుము, వడ్డీ, లాయరు ఖర్చు ఈ 1,800 లెక్కలోకి రావు. మీవాడి అసలే 2,000. అందుకే ముందు 400 అయినా వెంటనే కట్టించండి. కట్టిన డబ్బును మొదట అసలుకే జమ చేయాలి కాబట్టి బాకీ 1,600కి దిగుతుంది. అయితే వచ్చే నెలది ఆగితే మళ్లీ 2,000 అవుతుంది, జాగ్రత్త.

లియన్ నమోదుకు కనీసం 30 రోజుల ముందు ఆ ఉత్తరం పంపాలి. కవరు మీది పోస్టు ముద్ర తేదీ అడిగి తెలుసుకోండి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో వాయిదాల కోసం బోర్డును కలుస్తానని మీవాడు ఉత్తరం రాస్తే, బోర్డు 45 రోజుల్లో అతనితో మాట్లాడాల్సిందే. మిర్యాలగూడ చిరునామాను రెండో చిరునామాగా రాసిస్తే నోటీసుల ప్రతి ఇక్కడికీ వస్తుంది. ఇలాంటి కేసుల్లో కొంప ముంచేది చాలాసార్లు అందని ఉత్తరమే. లియన్ పడ్డాక మొత్తం కట్టేస్తే, అసోసియేషన్ 21 రోజుల్లో దాని రద్దును కౌంటీ (అక్కడి జిల్లా) కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. కోర్టుకు పోకుండా వేలం వేస్తే, విడిపించుకోవడానికి 90 రోజుల గడువుంటుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన రెండేళ్లుగా మెయింటెనెన్స్ కట్టట్లేదు. నల్లా బంద్ చేయొచ్చా? ఫ్లాట్ వేలం వేయొచ్చా?
– అసోసియేషన్ కార్యదర్శి, మహబూబ్‌నగర్

జవాబు: నల్లా జోలికి పోవద్దు, ఆయనే మీమీద కోర్టుకెక్కుతాడు. ఫ్లాట్‌ను మీ అంతట మీరు వేలం వేయలేరు. నెలవారీ లెక్క, రుసుము నిర్ణయించిన జనరల్ బాడీ తీర్మానం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసివ్వండి. కదలకపోతే సివిల్ కోర్టులో వసూలు దావా వేయాలి. గడువు 3 ఏళ్లు, అదీ ఏ నెల బాకీకి ఆ నెల నుంచే. రెండేళ్లు గడిచాయి కాబట్టి పాత నెలలు చేజారకముందే కదలండి. దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే ఖర్చు లేకుండా ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వస్తే, అది కోర్టు డిక్రీతో సమానం.